ఉచితంగా చేస్తానన్న పనికి అంతెక్కడ?

ఈసారి ఉత్తరం రాసినావిడ తన పేరు, సంస్థ పేరు బయటపెట్టొద్దన్నారు. ఆనవాళ్లన్నీ తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడ బ్రాండ్ డిజైనర్, అంటే సంస్థలు బయటికి ఎలా కనబడాలో లోగోలు, రంగులతో తీర్చిదిద్దే మనిషి. చాలా ఏళ్లు ఏజెన్సీలో చేసి, ఇప్పుడు ఇంటి నుంచే సొంతంగా పని చేసుకుంటున్నారు. కాలేజీలో తనకంటే సీనియర్, 'అక్కా' అని పిలిచేంత దగ్గరి మనిషి, బడి మానేసిన ఆడపిల్లల్ని మళ్లీ చదువులో పెట్టే స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నారు. పద్నాలుగు నెలల కిందట ఆ అక్క "మాకో లోగో గీసిపెట్టవే, నెల రోజుల పని" అంటే, డబ్బు మాట ఎత్తకుండా సరేనన్నారు. లోగో అయ్యాక లెటర్‌హెడ్ వచ్చింది. తర్వాత బ్రోషర్, వెబ్‌సైట్, పండగలకి పెట్టే పోస్టులు, దాతలకు చూపించే స్లైడ్లు. "వచ్చే మూడేళ్లకు మన సంస్థ ఎలా కనబడాలో నువ్వే ఒక ప్లాన్ రాయి" అనేదాకా వెళ్లింది. ప్రస్తుతం వార్షిక నివేదిక సగంలో ఉంది.

ట్రస్టీలు ఐదుగురు, అభిప్రాయాలు ఆరు. ఒకాయన కొడుకు ఫోన్‌లో ఏదో యాప్‌లో ఇంకో లోగో చేస్తే, "ఇది కూడా బాగుంది కదా, రెండూ కలపగలవా?" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టారట. అందరూ ఒప్పుకున్న లోగో ఒకటుండగా బ్యానర్ల మీద పాతది అచ్చేశారు. ఈలోగా చెప్పిన తేదీకి పని ఇవ్వలేక, డబ్బిచ్చే క్లయింట్ ఒకరు చేజారిపోయారు. అన్నిటికంటే గుచ్చుకున్నది వేరే. ప్రింటర్‌కి, ఫొటోగ్రాఫర్‌కి సంస్థ ఠంచనుగా డబ్బులిస్తోందని తెలిసింది. అడిగితే అక్క నవ్వేసి, "నీకు ఇస్తే నువ్వే బాధపడతావనుకున్నాను" అన్నారట.

ఉత్తరంలో మాటలివి: "పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టుంది. ఫోన్‌లో అక్క పేరు కనబడితే గుండె జారిపోతోంది. మళ్లీ ఆ పిల్లల మొహాలు గుర్తొచ్చి, కోపం తెచ్చుకున్నందుకు సిగ్గేస్తోంది. మధ్యలో మానేస్తే తప్పా? ఇప్పుడు డబ్బడిగితే ఆశపోతుదాన్నవుతానా? వెబ్‌సైట్ డొమైన్, లోగో ఫైళ్లు అన్నీ నా దగ్గరే ఉన్నాయి. సంగతి తేలేదాకా ఇవ్వొద్దని మా ఆయన అంటున్నారు." చివర్లో రెండు విషయాలు కలిపారు. బ్రోషర్‌లో పిల్లలు దీనంగా ఉన్న ఫొటోలే వేయమంటున్నారని ఒకటి. ఇంకో సంస్థ కూడా ఉచితంగా బ్రాండింగ్ చేసిపెట్టమని అడిగిందని, ఏం చెప్పాలో తోచడం లేదని రెండోది.

అమ్మా, ముందు ఆ సిగ్గు సంగతి. మీ కోపం పిల్లల మీద కాదు, సేవ మీదా కాదు. దేని మీదో మీ ఉత్తరంలోనే ఉంది. మీరు నెల రోజుల పనికి ఒప్పుకున్నారు, అది పద్నాలుగు నెలలైంది, ఆ మధ్యలో ఎక్కడా "ఇది వేరే పని" అని ఎవరూ అనలేదు. బలి చక్రవర్తి మూడడుగులిస్తానన్నాడు గానీ, అడుగు కొలతెంతో అడగలేదు. మీ లోగో సంగతీ అంతే.

డబ్బు తీసుకునే పనిలో ఇలా ఎందుకు జరగదో ఆలోచించండి. మీ క్లయింట్లందరూ మర్యాదస్తులని కాదు. ఇంకో డిజైన్ కావాలంటే ఇంకో బిల్లు వస్తుందని వాళ్లకు తెలుసు. "ఇది నిజంగా అవసరమా?" అని మిమ్మల్ని అడిగే ముందే వాళ్లలో వాళ్లు అనుకుంటారు. ఫీజు మీ సంపాదన మాత్రమే కాదు, ఎదుటివాళ్ల కోరికలకు పగ్గం కూడా. మీరు ఫీజు తీసేసినప్పుడు ఆ పగ్గం కూడా పోయింది, దాని బదులు ఇంకేదీ పెట్టలేదు. 'డబ్బే లేనప్పుడు కాగితాలెందుకు' అని మొహమాటపడ్డారు. డబ్బున్న పనికి ఒప్పందం కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. డబ్బు లేని పనికి అది లేకపోతే అసలు నడవదు.

ఈ మాట నా సొంత తెలివి కాదు. ఉచిత సేవను వృత్తిలో భాగం చేసుకున్నవాళ్లంతా కొలత పెట్టుకునే చేస్తారు. అమెరికన్ బార్ అసోసియేషన్ తన ఆదర్శ నియమాల్లో న్యాయవాదులకు పెట్టిన లక్ష్యం ఏడాదికి 50 గంటలు. అక్కడి డిజైనర్ల సంఘం ఏఐజీఏ, సమయంలో 5 శాతం ప్రజాహితం కోసం వెచ్చించమని ప్రోత్సహిస్తుంది. నిపుణుల్ని స్వచ్ఛంద సంస్థలతో కలపడమే పనిగా 2001లో మొదలైన ట్యాప్‌రూట్ ఫౌండేషన్, సాయాన్ని హద్దులు గీసిన ప్రాజెక్టుగానే అందిస్తూ వచ్చింది. వీళ్లెవరూ 'ఎంత కావాలంటే అంత' అనలేదని గమనించండి. అలా అన్నవాళ్లు రెండో ఏడాది కనిపించరు.

ఇప్పుడు ప్రింటర్ సంగతి. అది గుచ్చుకోవడం సహజమే, కానీ అందులో మీరనుకున్నంత చిన్నచూపు లేదేమో. అమెరికాలో 1942లో యుద్ధకాలంలో పుట్టిన యాడ్ కౌన్సిల్ చూడండి. ప్రజాహిత ప్రకటనలకు ఏజెన్సీలు బుర్ర పని ఉచితంగా ఇస్తాయి, పత్రికలు, చానళ్లు చోటు ఉచితంగా ఇస్తాయి, తయారీకయ్యే ఖర్చు మాత్రం ప్రచారం చేయించుకునే సంస్థ భరిస్తుంది. అంటే కాగితం, సిరా, ముద్రణ, ఫొటో లాంటి తయారీ ఖర్చులకు డబ్బివ్వడం ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. దానివల్ల మీ పని విలువ తగ్గదు. కాకపోతే మీరు కొన్న ఫాంట్లు (అక్షర రూపాలు), స్టాక్ ఫొటోలు (అమ్మకానికి దొరికే రెడీమేడ్ ఫొటోలు), డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) రుసుము మీ జేబులోంచే పోయి ఉంటాయని నా అనుమానం. వాటి రసీదులు ఇవాళే తీసి పెట్టుకోండి. మీ సమయం మీరు దానమిచ్చారు, ఖర్చులు కూడా ఇస్తానని ఎక్కడా అనలేదు. వాటిని అడగడానికి మొహమాటమే అక్కర్లేదు.

అక్క వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. ఆవిడని వెనకేసుకురావడానికి కాదు, మీరు మాట్లాడేటప్పుడు పనికొస్తుందని. చిన్న సంస్థలకు వచ్చే నిధుల్లో చాలా భాగం 'ఫలానా పనికే ఖర్చు పెట్టాలి' అన్న షరతుతో వస్తాయి. పిల్లల చదువుకిచ్చిన డబ్బు డిజైనర్‌కివ్వడం కుదరదు. ఆఫీసు ఖర్చు ఎక్కువ కనబడితే దాతలు మొహం చిట్లిస్తారు. ఏళ్ల తరబడి ఇలా నడిపేవాళ్లకు ఏది కావాలన్నా ముందు 'ఉచితంగా ఎవరు చేస్తారు' అని వెతకడం అలవాటైపోతుంది. పైగా మీ పని ఖరీదెంతో ఆవిడకు తెలియదు. మీరెప్పుడూ చెప్పలేదు. ఒక లోగో వెనక ఎన్ని గంటలుంటాయో బయటివాళ్లకు ఊహ కూడా అందదు, గీసింది సులువుగా కనబడటమే మీ పనితనం మరి. "నువ్వే బాధపడతావనుకున్నాను" అన్న మాటలో కొంత సౌకర్యం ఉంది, ఒప్పుకుంటాను. కొంత నిజమూ ఉందేమో. డబ్బు మాటెత్తకుండా సరే అన్నది మీరే కదా.

ఇక ఏం చేయొచ్చు అన్నది. నాకు మూడు దార్లు కనబడుతున్నాయి, ఏదీ నొప్పి లేనిది కాదు.

పూర్తిగా తప్పుకోవడం ఒకటి. మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, మానేయడం తప్పు కాదు, చెప్పకుండా మాయమవడం తప్పు. సగంలో ఉన్న వార్షిక నివేదిక పూర్తి చేసో, లేదా ఇంకొకరు అందుకోగలిగే స్థితికి తెచ్చో, ఒక తేదీ చెప్పి ఆ రోజుతో ఆపేయడం. దీంతో మీకు ఊపిరాడుతుంది. అక్క కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, బహుశా నలుగురిలో ఒక మాట అంటారు కూడా. తర్వాత వచ్చేవాళ్లు మీ లోగోని సాగదీస్తారు, రంగులు మారుస్తారు. అది చూసి ఊరుకోగలనని మీకు నమ్మకం ఉంటేనే ఈ దారి. తప్పుకున్నాక వెనక నుంచి సరిదిద్దడం మొదలుపెడితే, తప్పుకోనట్టే.

హద్దులు పెట్టుకుని కొనసాగడం ఇంకొకటి. నెలకు ఇన్ని గంటలు, చెప్పేది ఒక్క మనిషి, ఒక్కో పనికి మార్పులు రెండుసార్లు. దీనికి తోడు, మన రంగంలో చాలామంది చేసే ఒక పని ఉంది. ప్రతి పనికీ మామూలు క్లయింట్‌కి వేసినట్టే ఇన్‌వాయిస్ వేసి, పూర్తి ధర చూపించి, కింద నూరు శాతం తగ్గింపు అని రాసి సున్నా చేయడం. చూడటానికి నాటకంలా ఉంటుంది గానీ పని చేస్తుంది. ట్రస్టీల సమావేశంలో ఆ కాగితం బల్ల మీదికొచ్చిన రోజు, రాత్రి పదకొండింటి మెసేజ్‌లు తగ్గుతాయి. పన్ను మినహాయింపు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అమెరికా లాంటి చోట్ల దానమిచ్చిన సమయానికి మినహాయింపు రాదు, మీ దేశంలో ఎలాగో మీ ఆడిటర్‌ని అడగండి. ఈ దారిలో కష్టం మీ చేతుల్లోనే ఉంది. 'ఈ ఒక్కసారికీ' అని హద్దు మీరే దాటితే, వాళ్లకు అది హద్దు కాదని మీరే నేర్పినట్టవుతుంది. మీ ఉత్తరం చదివాక ఈ విషయంలో మీ మీద నాకు కొంచెం బెంగగానే ఉంది.

మూడోది, చేసింది దానంగానే వదిలేసి, ఇక ముందు వచ్చే పెద్ద పనులకు ఫీజు అడగడం. ఇది ఆశ కాదు. అయితే జరిగిపోయిన పద్నాలుగు నెలలకు ఇప్పుడు బిల్లు పంపొద్దనే నా సలహా. ఉచితమని ఇచ్చిన మాట అది. వెనక్కి వెళ్లి ధర కడితే నైతికంగా మీ కాలి కింద నేల ఉండదు, ట్రస్టీలు ఒప్పుకోవడమూ కల్ల. ముందుకు అడిగితే అక్క "ఈ ఏడాది నిధుల్లో లేదు" అనొచ్చు. అది అబద్ధం కాకపోవచ్చు. అప్పుడు "దాతలకు పంపే వచ్చే ప్రతిపాదనలో ప్రచారం, వెబ్‌సైట్ కింద ఒక పద్దు పెట్టండి, అంచనా నేను రాసిస్తాను" అనండి. ఇలా పద్దు పెట్టడం మొదలుపెట్టిన సంస్థలకు మళ్లీ ఉచితం కోసం వెతుక్కునే బాధ తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, డబ్బు తీసుకున్న రోజు నుంచి నిలదీసే హక్కు వాళ్లకూ వస్తుంది. ఇప్పుడు అలసిపోయి ఆలస్యం చేస్తే మన్నిస్తారు, అప్పుడు మన్నించరు.

ఏ దారి పట్టినా ముందు డొమైన్, ఫైళ్లు అప్పగించేయండి. మీవారి కోపం అర్థమవుతోంది, మిమ్మల్ని అలా చూడలేక అన్నారు. కానీ ఫైళ్లు పట్టుకు కూర్చుంటే ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయం అటు వెళ్లిపోతుంది. 'డిజైనర్ వెబ్‌సైట్ ఆపేసింది' అన్న ఒక్క మాట పాకితే, పద్నాలుగు నెలల పని ఎవరికీ గుర్తుండదు. మీకూ అది బరువే. డొమైన్ గడువు నోటీసు మీ మెయిల్‌కి వస్తుంది, మీరు పని ఒత్తిడిలో చూసుకోకపోతే దాతలు డబ్బు పంపే పేజీ ఒక పొద్దున కనబడదు. సంస్థ పేరు మీద, సంస్థ మెయిల్‌తో రిజిస్టర్ అయ్యేలా మార్చేయండి. ఫాంట్లు మీ లైసెన్సు మీద కొన్నవైతే అవి వాళ్లకు వాటంతటవే బదిలీ కావు. ఎవరైనా ఉచితంగా వాడుకునే స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ఫాంట్‌కి మార్చండి, లేదా వాళ్ల పేరు మీద కొనమనండి.

హక్కులు కూడా కాగితం మీద పెట్టండి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న చోట్ల, ఎక్కడా రిజిస్టర్ చేయకపోయినా గీసినప్పుడే కాపీరైట్ పుడుతుంది. ఉద్యోగిగా కాకుండా బయటి మనిషిగా చేసిన బొమ్మ మీద హక్కు, రాసిస్తే తప్ప, చాలా దేశాల్లో గీసినవారిదే. అంటే ఇవాళ ఆ లోగో చట్టం దృష్టిలో బహుశా మీదే, సంస్థకు మాత్రం అది తమదేనన్న భరోసా. ఇది ఇద్దరికీ మంచిది కాదు. ఉచితంగా చేసినవాళ్లు దీన్ని రకరకాలుగా తేల్చుకున్నారు. డిజైనర్ మిల్టన్ గ్లేజర్ 1970లలో న్యూయార్క్ రాష్ట్రం కోసం డబ్బు తీసుకోకుండా గీసిచ్చిన 'ఐ లవ్ న్యూయార్క్' ఎర్ర గుండె గుర్తు హక్కులు ఆ రాష్ట్రానివే, లైసెన్సుల ఆదాయమూ అటే వెళ్తుంది. 1958లో అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమానికి జెరాల్డ్ హోల్టమ్ గీసిన శాంతి చిహ్నానికి కాపీరైట్ పట్టలేదు, ఎవరైనా వాడుకునేలా వదిలేశారు. మీరు ఒక పేజీలో హక్కులు సంస్థకు రాసిచ్చి, 'నా పనుల జాబితాలో చూపించుకునే హక్కు నాకుంటుంది' అన్న వాక్యం కలుపుకోండి. డబ్బు రాని పనిలో మీకు మిగిలే గట్టి ఆస్తి అదొక్కటే, దాన్ని వదులుకోకండి.

ట్రస్టీ గారబ్బాయి లోగో గురించి వాదనకు దిగకండి, ఎవరిది అందంగా ఉందన్న వాదన ఎప్పటికీ తేలదు. ఒక రంగులో ఫొటోకాపీ తీస్తే నిలుస్తుందా, గోరంత సైజులో గుర్తుపట్టగలమా అని పరీక్ష పెట్టండి. 1961లో పీటర్ స్కాట్ వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి గుర్తుగా పాండాను గీసినప్పుడు, నలుపు తెలుపుల్లో అచ్చు ఖర్చు తగ్గుతుందన్నదీ ఒక లెక్కే. నిధులు తక్కువున్న సంస్థకు అలాంటి లెక్క అందమంత ముఖ్యం. ఆ పరీక్షలో అబ్బాయిదే గెలిస్తే, గెలవనివ్వండి.

ఫొటోల సంగతి మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాశారు గానీ, నాకు మిగతా అన్నిటికంటే అదే బరువుగా తోచింది. దీనమైన మొహాలు వేస్తే విరాళాలు ఎక్కువ వస్తాయని అక్క నమ్మకం. ఆ నమ్మకం ఆవిడొక్కరిదే కాదు. 1984-85 ఇథియోపియా కరువులో ఎముకల గూళ్లైన పిల్లల బొమ్మలు ప్రపంచమంతా తిరిగి విరాళాలు తెచ్చాయి. ఆ మనుషుల్ని నిస్సహాయులుగా తప్ప ఇంకోలా చూపించలేదన్న విమర్శా అప్పుడే గట్టిగా వచ్చింది. ఆ తర్వాత 1989లో ఐరోపా స్వచ్ఛంద సంస్థలు బొమ్మలు, సందేశాల మీద తమకు తామే నియమావళి రాసుకున్నాయి. మీ అక్క చదివిస్తున్న అమ్మాయిలు రేపు ఉద్యోగానికి వెళ్తారు. తన పేరు వెతికితే పన్నెండేళ్ల వయసులో ఏడుపు మొహంతో ఉన్న ఫొటో కనబడటం ఏ అమ్మాయికి ఇష్టం? అమ్మానాన్నల సంతకం తీసుకున్నారా, ఆ అమ్మాయిని అడిగారా అని మీరు అడగండి. డబ్బు తీసుకోవడం లేదు కాబట్టి నాకు నోరు లేదు అనుకుంటున్నారేమో. నోరున్నది మీకే. జీతం పోతుందన్న భయం లేని మనిషి ఆ గదిలో మీరొక్కరే. మిగతా విషయాల్లో ఎంత తగ్గినా ఇక్కడ తగ్గొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. చదువుకుంటున్న, బోర్డు మీద లెక్క చేస్తున్న ఫొటోలు మీరే ఏరి పక్కన పెట్టి చూపించండి, 'వద్దు' కంటే 'ఇది వేద్దాం' అనడం సులువు.

అక్కతో ముందు నోటితో మాట్లాడండి, తర్వాతే రాయండి. మెయిల్ మొదట వెళ్తే నోటీసులా ఉంటుంది. మాట్లాడిన రోజే ఇలాంటిది పంపొచ్చు, రెండో దారి ఎంచుకున్నారనుకుని రాస్తున్నాను:

"అక్కా, ఇందాక అనుకున్నవి మర్చిపోకుండా రాసి పెడుతున్నాను. ఇప్పటిదాకా చేసిందంతా సంస్థకు నా తరఫున ఇచ్చినట్టే, దానికి డబ్బు అడగను. ఫైళ్లు, హక్కుల కాగితం, డొమైన్ ఈ వారంలో అప్పగిస్తాను. నేను కట్టిన ఖర్చుల రసీదులు జతచేశాను. వార్షిక నివేదిక నెలాఖరుకి ఇస్తాను. ఆ తర్వాత నెలకు నాలుగు గంటలు నావి. ఆ గంటల్లో ఏం కావాలో నువ్వొక్కదానివే చెప్పు, ట్రస్టీల మాటలు నీ దగ్గరే తేలాలి. అంతకు మించిన పనైతే ఖర్చెంతో ముందే చెబుతాను. కుదిరితే చేద్దాం, లేకపోతే మంచివాళ్లని నేనే చూసిపెడతాను."

'ఏమీ అనుకోకు', 'నన్ను క్షమించు' లాంటివి చేర్చకండి. అవి చేరిస్తే అక్క ఓదార్చడం మొదలుపెడతారు, ఓదార్చి మళ్లీ పని చెబుతారు.

ఇక రెండో సంస్థ. వెంటనే అవునూ కాదూ అనకండి, కొన్ని మాటలు అడగండి. లోగో మీద ఆఖరి మాట ఎవరిది? పని అయ్యాక దాన్ని వాడే మనిషి మీ దగ్గర ఉన్నారా? వారానికి రెండు గంటలు నాతో కూర్చోవడానికి ఎవరినైనా ఇవ్వగలరా? మీ సంస్థ ఏం చేస్తుందో మీ ముగ్గురు ఉద్యోగులు విడివిడిగా ఒక్కో వాక్యంలో రాసి పంపగలరా? ఈ చివరిది తప్పకుండా అడగండి. మూడు వాక్యాలూ మూడు వేరే సంస్థల గురించి రాసినట్టుంటే, వాళ్లకు ఇప్పుడు కావలసింది లోగో కాదు. ఒక పూట వాళ్లతో కూర్చుని ఆ మూడింటినీ ఒక వాక్యం చేసిచ్చి రండి. మీకు ఒక పూటే పడుతుంది, వాళ్లకు ఏ లోగో కంటే ఎక్కువ కాలం పనికొస్తుంది. జవాబులే రాకపోతే, మీరేమీ చెప్పాల్సిన అవసరం కూడా ఉండదు.